నలభై ఒకటో గొంతు

సీలు విప్పిన కవరులో నలభై ఒకటో నంబరుకు ఎదురుగా నిందితుడి పేరు లేదు. నగర జాయింట్ పోలీస్ కమిషనర్ ప్రభంజనరావు పేరు ఉంది.

డాక్టర్ గొర్లె హైమావతి ఆ కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి మరోసారి చదివింది. వెలుతురు మారినంత మాత్రాన పేరు మారలేదు. ఇంకాస్త కింద, నలభై నాలుగో నంబరుకు ఎదురుగా, 'షేక్ మునవ్వర్, వయసు 23, నిందితుడు' అని టెక్నీషియన్ సింహాద్రి గుండ్రటి చేతిరాతలో ఉంది.

"సింహాద్రీ, ఈసారి గొంతులు కలిపింది నువ్వేనా?"

"నానే మేడమ్. రూలు ప్రకారమే సేసినాను. స్టీలు డబ్బాలో పన్నెండు సీటీలు ఏసి, కళ్ళు మూసుకుని తీసినాను. ఏటయింది?"

"పోలీసులు పంపిన జాబితాలో మునవ్వర్ ఎన్నోవాడు?"

సింహాద్రి రిజిస్టరు తిప్పాడు. "ఆరోవోడు."

ఈ విడత నంబర్లు ముప్పై ఆరుతో మొదలయ్యాయి. వరసగా లెక్కపెడితే ఆరోది నలభై ఒకటి. హైమావతి కుర్చీలో కూలబడింది. గంటన్నర కిందట, సరిగ్గా పది గంటలకు, ఆమె సంతకం చేసి పంపిన నివేదికలో మూడో పేరా ఇలా ఉంది: 'నలభై ఒకటో నంబరు వ్యక్తికి దాడి కారణం స్వయంగా తెలుసు. తెలియదని చెప్పడం అబద్ధం.'

ఐదు రోజుల కిందట, గురువారం తెల్లవారుతూ ఉండగా, కళింగరేవు ఓడరేవు మూడో గేటు దగ్గర గ్యాసు గొట్టం పేలింది. ఇద్దరు గార్డులు చనిపోయారు. గొట్టం కింద పేలుడు మందు పెట్టిన ఆనవాళ్ళు దొరికాయి. మధ్యాహ్నానికల్లా టీవీలన్నీ 'ఉగ్రదాడి' అన్నాయి. సాయంత్రానికి పోలీసులు 'అనుమానిత ఉగ్రదాడి' అని సరిదిద్దారు. ఆ వేళప్పుడు గేటు ముందు బ్యాటరీ బండి మీద వెళ్తూ కెమెరాకు చిక్కిన కొరియర్ కుర్రాడు మునవ్వర్. ఇంటింటికీ పొట్లాలు ఇచ్చేవాడు. ఇప్పుడు కస్టడీలో ఉన్నాడు.

కేసు త్రిరేఖ దగ్గరకు వచ్చింది. త్రిరేఖ హైమావతి పదేళ్ళ కష్టం. మనిషి తాను స్వయంగా చూసినది చెప్పేటప్పుడు ఒకలా, ఇతరుల నోట విన్నది చెప్పేటప్పుడు ఇంకోలా, అప్పటికప్పుడు అల్లినది చెప్పేటప్పుడు మరోలా గొంతు వణుకుతుంది. చెవికి అందని ఆ వణుకును యంత్రం మూడు రంగుల్లో గీస్తుంది. చూసినది ఆకుపచ్చ. విన్నది పసుపు. అల్లినది ఎరుపు. హైమావతి ఏ గొంతునూ వినదు, గీతలే చూస్తుంది. ఎవరి గొంతో తెలిస్తే కన్ను ఒకవైపు మొగ్గుతుందని ఆమె పెట్టుకున్న కట్టుబాటు అది. అందుకే ప్రతి విడతలోనూ అనుమానితులతో పాటు కొందరు అధికారుల చేత కూడా అవే ఐదు ప్రశ్నలకు జవాబులు చెప్పించి, చీటీలు తీసి, పేర్లు చెరిపి నంబర్లు వేస్తారు. ఎవరిది ఏ నంబరో తెలిపే కవరు నివేదిక మీద సంతకం పడ్డాకే తెరుస్తారు.

పోలీసులకు ఆ చీటీల సంగతి తెలియదు. తాము పంపిన వరసలోనే నంబర్లు పడ్డాయనుకున్నారు.

మూడో ప్రశ్న, 'ఈ దాడికి కారణం ఏమిటి?' నలభై ఒకటి దగ్గర ఎరుపూ ఆకుపచ్చా జంటగా లేచాయి. కళ్ళతో చూసినదాన్ని కప్పిపెడుతూ మాట అల్లితేనే అలా లేస్తాయి. నలభై నాలుగు దగ్గర పసుపు తప్ప మరో రంగు లేదు. అంటే మునవ్వర్ చెప్పిన కారణం ఎవరో అతని చెవిలో పోసినదే.

"మేడమ్, టీవీ సూడండి," అన్నాడు సింహాద్రి.

తెర మీద ప్రభంజనరావు మైకుల ముందు కూర్చున్నాడు. యాభై దాటినా నిటారైన మనిషి, మాట తొణకదు. "దాడి కారణం నిందితుడికి స్వయంగా తెలుసనీ, దాన్ని దాస్తున్నాడనీ త్రిరేఖ నివేదిక శాస్త్రీయంగా తేల్చింది. విదేశీ హస్తం కోణాన్ని ఈ దశలో కొట్టిపారేయలేం."

"కొట్టిపారెయ్యలేం అంటే పట్టుకోలేకపోనారన్నమాట," అన్నాడు సింహాద్రి.

హైమావతి నవ్వలేదు. కవరు సంచిలో పెట్టుకుని లేచింది.

* * *

ప్రభంజనరావు ఆమెను వెంటనే లోపలికి పిలిపించాడు. కాఫీ తెప్పించాడు. ఆమె నంబర్ల కాగితం బల్ల మీద పరిచి, పొరపాటు ఎక్కడ జరిగిందో రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు.

"ఈ కవరు ఇంకెవరు చూశారు?" అన్నాడు.

హైమావతి ఆయన ముఖంలోకి చూసింది. పాపం తెలియని మనిషైతే 'నా గొంతులో అబద్ధమా' అని ముందు ఎగిరిపడాలి. ఈయన ఎవరు చూశారని అడుగుతున్నాడు.

"మా టెక్నీషియన్, నేను. మీరు నలభై ఒకటో నంబరు పేరు సరిదిద్ది ప్రకటన ఇవ్వాలి సార్."

"డాక్టరు గారూ, ఐదు రోజులుగా నేను నిద్రపోలేదు. అలసిన గొంతు. మీ యంత్రం పొరబడి ఉండొచ్చు కదా?"

"అలసటకు ఎరుపు లేస్తుందేమో. ఆకుపచ్చ లేవదు."

"అయితే అలాగే రాయండి, యంత్రం పొరబడిందని. నాకేం అభ్యంతరం లేదు." ఆయన కాఫీ కప్పు పక్కకు జరిపాడు. "కానీ ఆలోచించుకోండి. పోయిన ఏడాది మీ యంత్రం మాట మీద జైలు నుంచి పదకొండు మంది బయటికొచ్చారు. అది పొరబడుతుందని మీరే రాసిస్తే ఆ పదకొండు కేసులూ మళ్ళీ తెరుస్తారు. పొరబడదంటారా, నేను అబద్ధాలకోరునని రాయాలి. రాసి ఎవరికిస్తారు? మీ డైరెక్టరు ద్వారా రావాలి. ఆయన ఇందాకే సెలవు పెట్టారు."

"మునవ్వర్ సంగతి?"

"రేపు మూడు గంటలకు కోర్టు. మీ నివేదిక చాలు, ప్రత్యేక చట్టం కిందికి వెళ్తాడు. ఐదారేళ్ళు బెయిలుండదు." ఆయన గొంతు మెత్తబడింది. "పొరపాటు మీదీ కాదు, మాదీ కాదు. ఎవరో ఒకరు దొరికారని ఊరు ఊపిరి పీల్చుకుంది. దాన్ని చెడగొట్టకండి."

"నా సంతకం మీద ఊరు ఊపిరి పీల్చుకోవడానికి నేను ఒప్పుకోలేదు," అంది హైమావతి. కాగితం మడిచి సంచిలో వేసుకుంది. కాఫీ ముట్టుకోలేదు.

* * *

ఆమె భర్త ధనుంజయ్ ఆ ప్రభంజనరావు దగ్గరే పౌరసంబంధాల అధికారి. ఆయన చదివే ప్రతి ప్రకటనా ధనుంజయ్ రాసినదే. 'అన్ని కోణాల్లో దర్యాప్తు', 'ప్రాథమిక ఆధారాల మేరకు' లాంటి మాటలు అతని నోట్లో తమలపాకుల్లా నానుతుంటాయి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, అలవాటు ప్రకారం వంటింటి గట్టు మీదున్న పలక తీసుకున్నాడు. 'నువ్వు ఆఫీసుకు వచ్చావట. ఏం జరిగింది?' అని రాసి ఆమె ముందు పెట్టాడు.

ఆ పలకకు నాలుగేళ్ళు. త్రిరేఖ మొదటి నమూనాను హైమావతి నెలరోజులు ఇంట్లోనే పరీక్షించింది. ఇంట్లో ఉన్న గొంతు అతనిదొక్కటే. ఒకరోజు 'ఆఫీసులో ఆలస్యమైంది' అన్నాడు. ఎర్రగీత తెర పైఅంచుకి తగిలింది. అతను వెళ్ళింది స్నేహితుడింట్లో క్యారమ్స్ ఆడటానికి. ఆమె నవ్వేసి ఊరుకుంది కాని, అతను ఊరుకోలేకపోయాడు. యంత్రం ల్యాబుకు వెళ్ళిపోయినా, కాస్త బరువైన మాట ఏదైనా పలక మీదే. ఉప్పు తక్కువైందని మాత్రం నోటితో చెబుతాడు.

హైమావతి పలక పక్కన పెట్టి నంబర్ల కాగితం అతని చేతికిచ్చింది. అతను చదివాడు. మళ్ళీ చదివాడు. పలక కోసం చెయ్యి చాచి, ఆగిపోయాడు.

"నేను నోటితోనే చెప్తాను, హైమా," అన్నాడు.

అతని గొంతు విని ఆమెకు ఏదోలా అయింది. ఇంత పొడవు వాక్యం విని ఎన్నాళ్ళయిందో.

"గురువారం పొద్దున్న పేలుడు జరిగిన రెండు గంటలకి సారు నన్ను పిలిచాడు. 'కారణం ఇంకా తెలియలేదు' అని రాయమన్నాడు, రాశాను. రాసి ఇస్తుంటే, సోమవారం ఫొటోలు కంప్యూటర్లోంచి తీసెయ్యమన్నాడు. ఎందుకు సార్ అన్నాను. భద్రతా కారణాలు అన్నాడు. ఆ ముక్క కనిపెట్టిందే నేను, నా మీదే వాడాడు."

"సోమవారం ఫొటోలేంటి?"

"అర్జీల రోజువి. ఓడరేవు భద్రతా కమిటీకి ఆయనే అధ్యక్షుడు కదా, ప్రతి సోమవారం జనం అర్జీలిస్తారు. కాగితం తీసుకుంటూ ఆయన కొంచెం వంగుతాడు, ముసలివాళ్ళయితే భుజం మీద చెయ్యేస్తాడు, నేను ఫొటో తీసి పేపర్లకు పంపుతాను. వంగకపోతే ఫొటో బాగా రాదని నేనే నేర్పాను."

"తీసేశారా?"

"ఆఫీసులో తీసేశాను. పేపర్లకు పంపిన మెయిళ్ళు నా ఫోన్లోనే ఉన్నాయి. అడగలేదు కాబట్టి చెప్పలేదు."

ఇద్దరూ భోజనాల బల్ల ముందు కూర్చుని ఫొటోలు చూశారు. రేషన్ కార్డులు, సరిహద్దు తగాదాలు, చేపల మార్కెట్ లైసెన్సులు. ఫోన్ తెర మీద ప్రభంజనరావు వంగుతూనే ఉన్నాడు. మూడో వారంలో హైమావతి వేలు ఆగింది. తెల్లటి పంచె, మాసిన తువ్వాలు, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేని ఒక ముసలాయన. ముందు వారంలోనూ అతనే. తర్వాతి వారంలోనూ. మొత్తం ఏడు సోమవారాలు. మొదటి ఫొటోలో కమిషనర్ చెయ్యి ఆయన భుజం మీద ఉంది. ఏడో ఫొటోలో కమిషనర్ వంగలేదు, నవ్వలేదు. వెనక్కి జరిగి ఉన్నాడు. ముసలాయన వేలు చూపించి ఏదో అంటున్నాడు.

"ఇది పేపర్లవాళ్ళు వేసుకోలేదు," అన్నాడు ధనుంజయ్ నెమ్మదిగా. "ఆ మాట నాకు గుర్తుంది. 'మీరు తియ్యకపోతే ఆ గొట్టం నేనే తీసేస్తాను బాబూ' అన్నాడు. 'తాతకి మంచినీళ్ళివ్వండి' అన్నాడు సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

అర్జీ మొదటి పేజీ రెండో ఫొటోలో స్పష్టంగా పడింది. పొట్నూరు లచ్చుమయ్య, నల్లకొండ కాలనీ.

* * *

బుధవారం ఎండ ఇంకా ముదరకముందే వాళ్ళిద్దరూ నల్లకొండ చేరారు. కొండను సగం తవ్వేసిన రాతి క్వారీ, దాని కింద అరవై ఇళ్ళు, ఇళ్ళను ఆనుకుని నేల మీద పరిచిన పచ్చ రంగు గొట్టం. అది సరాసరి ఓడరేవు మూడో గేటుకు వెళ్తుంది. కాలనీలో నిలబడితే కుళ్ళిన గుడ్ల వాసన సన్నగా ముక్కుకు తగులుతోంది.

లచ్చుమయ్య అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. ధనుంజయ్‌ను చూడగానే గుర్తుపట్టాడు.

"ఫొటోల బాబువి కాదేటి నువ్వు? రండి. సల్లపడిపోతాదని ఆగలేకపోనాను, ఏటీ అనుకోకండి."

"తాతా, నా పేరు హైమావతి. గొంతులు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తాను."

"టీవీలో సెప్పినారు. అబద్దం పట్టే మిసనంట గదా. తెచ్చినావా?"

"లేదు."

"తేవక్కర్లేదులే." గిన్నె కింద పెట్టాడు. "నాను శుక్కురోరమే వొచ్చినాను తల్లీ, మీ పెద్ద ఆపీసుకి. గేటు కాడ కానిస్టేబులు ఆపేసినాడు. అర్జీ అయితే సోమారం రా తాతా అన్నాడు. అర్జీ కాదు బాబూ, నన్ను నాను ఒప్పజెప్పుకోడానికొచ్చినాను అన్నాను. ఏదైనా సోమారమే అన్నాడు. అప్పుడే సారు కారు బయటికొచ్చింది. అద్దం దించి నన్ను సూసినాడు. నాను సెయ్యెత్తినాను. అద్దం పైకెత్తేసుకున్నాడు."

హైమావతి ధనుంజయ్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"సోమారం మళ్ళీ ఎల్లినాను. బందోబస్తంట, అర్జీలు రద్దంట. ఇంక ఎవరికి సెప్పుకోను?" ముసలాయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "ఆ సాయిబుల కుర్రోడిని కొట్టినారా?"

"కొట్టే ఉంటారు," అంది హైమావతి. "ఇవాళ మూడింటికి కోర్టు. ఇవాళ దాటితే ఐదారేళ్ళు బయటికి రాడు. నేను వెళ్ళి చెప్పాల్సింది చెప్తాను తాతా. మీరు రావాలని నేను అడగను."

"నాను అడగతన్నాను గదా. నీ కార్లో సోటుందా?"

లేచి లోపలికి వెళ్ళి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గడప దాటుతూ గోడ మీది ఫొటో ఒకసారి చూశాడు. తొమ్మిదేళ్ళ పిల్ల, రెండు జడలు, ఒక చేత్తో మేకపిల్లను గట్టిగా పట్టుకుని ఉంది. హైమావతి ఆ పిల్ల పేరు అడగలేదు.

దారిలో ధనుంజయ్ ఫోన్ పదకొండుసార్లు మోగింది. పన్నెండోసారి అతను ఎత్తి, "సార్, నేను సెలవులో ఉన్నాను. కారణం ఈ దశలో చెప్పలేం," అని పెట్టేశాడు.

* * *

కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. మునవ్వర్ బోనులో నిలబడ్డాడు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. వాళ్ళ అమ్మ మూడో వరసలో, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుంది. ప్రభంజనరావు ముందు వరసలో ఉన్నాడు. ప్రభుత్వ న్యాయవాది త్రిరేఖ నివేదిక మూడో పేరా చదివి వినిపించాడు.

మేజిస్ట్రేటు యాభై ఏళ్ళ మనిషి, సన్నటి కళ్ళద్దాలు. ఆమె కలం తీసుకుంటుండగా హైమావతి వెనక వరసలోంచి లేచింది.

"అమ్మా, ఆ సంతకం నాది. నలభై ఒకటో నంబరు ఈ అబ్బాయి కాదు."

హాలులో గుసగుసలు లేచాయి. ప్రభుత్వ న్యాయవాది వెనక్కి తిరిగాడు. "ఈమెను మేము పిలవలేదు. ఆమె డైరెక్టరు అనుమతి లేకుండా వచ్చారు."

"నా సంతకం కూడా నా అనుమతి లేకుండానే మీ ప్రెస్ మీట్‌కి వెళ్ళింది," అంది హైమావతి.

మేజిస్ట్రేటు ఆమెను ముందుకు రమ్మంది. హైమావతి నంబర్ల కాగితం, చీటీల రిజిస్టరు బల్ల మీద పెట్టింది. చీటీలు ఎలా తీస్తారో, పోలీసులు వరస ఎలా పొరబడ్డారో చెప్పింది. నలభై నాలుగు ఎవరో చెప్పింది. తర్వాత నలభై ఒకటి ఎవరో చెప్పింది.

ప్రభంజనరావు లేచాడు. ముఖంలో తొణుకు లేదు. "యంత్రాలు పొరబడతాయి, మేడమ్. ఈ విషయం నిన్ననే డాక్టరు గారితో చెప్పాను."

"పొరబడిందనే ఆయన చేత రాయించండి," అంది హైమావతి. "యంత్రం తప్పయితే ఈ నివేదిక చెల్లదు, మునవ్వర్ మీద వాళ్ళ దగ్గర ఇంకో కాగితం లేదు. యంత్రం ఒప్పయితే కారణం తెలిసి దాచింది ఆయన. నిన్న ఈ రెండింటిలో ఒకటి నన్ను ఎంచుకోమన్నారు. ఇవాళ ఆయన్ని ఎంచుకోమనండి."

ప్రభుత్వ న్యాయవాది కాగితాలు తిరగేశాడు. వాటిలో వెతకడానికి ఏమీ లేదని అందరికీ కనపడుతూనే ఉంది.

"ఎంచుకోండి," అంది మేజిస్ట్రేటు ప్రభంజనరావుతో.

"నేను ఏం చూశానని ఈ ఆరోపణ? దానికి ఆధారమేదైనా ఉందా?"

ధనుంజయ్ అప్పటికే నడిచి వస్తున్నాడు. ఏడు ఫొటోలు పేకముక్కల్లా ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. చివరిది కమిషనర్ వైపు తిప్పి పెట్టాడు.

"సార్, ఈ ఫొటోలో మీరు వంగలేదు," అన్నాడు. "ఆయన గొట్టం తీసేస్తానన్న రోజది. నేను పక్కనే ఉన్నాను. కావాలంటే నా గొంతు కూడా పరీక్షకు పంపండి. మా ఆవిడ నంబరు వేస్తుంది."

"వారానికి రెండువందల మంది వస్తారు," అన్నాడు ప్రభంజనరావు. మొదటిసారి ఆయన గొంతు బొంగురుపోయింది. "బెదిరించిన ప్రతి ముసలివాడినీ గుర్తుపెట్టుకోవాలంటే..."

"గుర్తుపెట్టుకున్నారు. అందుకేగా ఫొటోలు తీసెయ్యమన్నారు," అన్నాడు ధనుంజయ్.

వెనక వరసలో బెంచీ కిర్రుమంది. లచ్చుమయ్య లేచి, తువ్వాలు తీసి చేత పట్టుకుని, జనం దారి ఇస్తుంటే నడిచి వచ్చాడు. పోలీసు ఒకడు అడ్డం వెళ్ళబోతే మేజిస్ట్రేటు చేత్తో వారించింది. ఆయన బోను ముందు ఆగి, మునవ్వర్ వాచిన ముఖాన్ని ఒక నిమిషం చూశాడు. అప్పుడు బల్ల వైపు తిరిగాడు.

"మీరేం చెప్పినా రాసుకుంటాం, అది మీ మీదికే వస్తుంది. తెలుసా?" అంది మేజిస్ట్రేటు.

"రాసుకోడానికే వొచ్చినానమ్మా," అన్నాడు లచ్చుమయ్య.

"నా పేరు పొట్నూరు లచ్చుము. నలపై ఏళ్ళు క్వారీలో బండకి మందు పెట్టినాను. ఎడం సేతిలో రెండు వేళ్ళు బండకిచ్చినాను. గొట్టం కింద మందెట్టింది నానే. నా ఎనకాల ఏ దేశమూ లేదు. ఏ కులమూ మతమూ లేదు. ఈ కుర్రోడిని నాను ఇదే సూడ్డం.

"నా మనవరాలు మంగ మేకపిల్ల కోసం గొట్టం కాడికి ఎల్లి పడిపోనాది. గొట్టం కారతందని ఊరంతటికీ తెలుసు. సచ్చిపోయినాక అడిగినాను, ఆ గొట్టం జరపండి, లేపోతే గోడైనా కట్టండి అని. ఏడు సోమారాలు అడిగినాను. సారుకి తెలుసు నానెందుకు సేసినానో. ఆరికి తెలీదని టీవీలో సెప్తా ఉంటే నాకు మంట పుట్టింది. నా కారణం నాది. దాన్ని తీసికెల్లి ఇంకోడి నెత్తిన ఎట్టడానికి ఆరెవరు?

"అయితే ఒక మాట. మంగ పోనాది గాబట్టి నాను సేసింది తప్పు కాదని ఎవులూ అనొద్దు. ఆ డాట్రమ్మ కూడా అనొద్దు. సారు నా కాయితం సదవలేదు, నిజమే. ఒత్తి ముట్టించింది సారు కాదు, నాను. ఈ సేత్తో.

"తొమ్మిది దినాలు కాపు కాసి సూసినాను. ఆ గార్డులిద్దరూ ఐదున్నరకి రోడ్డు అవతలికి టీకి ఎల్తారు. పావుగంట దాకా రారు. తొమ్మిది దినాలూ ఎల్లినారు. గొట్టం ఒక్కటే పోతాదనుకున్నాను. పదో దినం నాను ఒత్తి ముట్టించేసినాక ఆలు ఎల్లలేదు. ఎందుకెల్లలేదో నాకు తెలీదమ్మా. అది తప్ప తతిమ్మాదంతా నాకు తెలుసు. తతిమ్మాదంతా నానే సేసినాను."